మంగళవారం గిరాకీ

ఆదివారం ఎత్తిపోతల జలపాతం దగ్గర టీకొట్టు నడిపే మనిషికి హుషారు గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. నాగార్జున సాగర్ డ్యామ్ అక్కడికి 11 కిలోమీటర్లే. గేట్లెత్తారని టీవీలో చూసి బయల్దేరిన కార్లలో సగం ఇటు కూడా ఓ చూపు చూసి పోతాయి. 70 అడుగుల ఎత్తు నుంచి చంద్రవంక వాగు దూకుతుంటే, కింది మడుగులో మొసలి కనబడుతుందేమోనని పిల్లలు రైలింగు వదలరు. ఆ కాసేపట్లో మొక్కజొన్న పొత్తులు కాలుతాయి, చేపలు వేగుతాయి, గల్లాపెట్టెలో చిల్లర అయిపోతుంది. కార్తీకంలో వనభోజనాల వాళ్లు దిగితే చెప్పేదే లేదు.

మంగళవారం సంగతి వేరు. ఎండాకాలం మంగళవారం అయితే మరీనూ. జలపాతం పూర్తిగా ఎండకుండా పక్క కాలువల నుంచి కొన్ని నీళ్లు వదులుతారు గానీ, జనాన్ని వదిలే కాలువ ఎక్కడా లేదు. పొద్దున పది దాటినా బోణీ కాదు. పాలు రెండోసారి కాచాలి. ఎదురు కొట్టు ఆయన, ఈయన ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి.

చిన్న వ్యాపారుల ఉత్సాహం గురించి రాసేవాళ్లు ఇక్కడ పట్టుదల, ఆత్మవిశ్వాసం అంటూ మొదలుపెడతారు. నాకవి పెద్దగా ఆనవు. ఎండలో పొయ్యి ముందు నిలబడే మనిషికి పట్టుదల తక్కువని అనడానికి నోరెలా వస్తుంది? ఉత్సాహం ముందు పుట్టి పనిని నడిపిస్తుందనుకుంటాం. చాలాసార్లు జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. తన నిర్ణయానికి ఏదో ఒక ఫలితం కనబడ్డ చోట మనిషికి రేపు కొట్టు తీయబుద్ధవుతుంది.

దీన్ని ప్రయోగం పెట్టి చూసిన ఊరు మనదే, కాకినాడ. 1964 ప్రాంతంలో హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ అక్కడి చిన్న వ్యాపారులను యాభై మందికి పైగా బృందాలుగా హైదరాబాదు రప్పించి, చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ‘సియెట్’లో కూర్చోబెట్టాడు. యూసుఫ్‌గూడలో ఇప్పుడు ఎన్ఐ-ఎంఎస్‌ఎంఈ పేరుతో ఉన్నది ఆ సంస్థే. తమిళనాడులోని వేలూరు నుంచి కూడా కొందరికి శిక్షణ ఇచ్చారు. రాజమండ్రి వ్యాపారులను మాత్రం పోల్చి చూడడానికని శిక్షణ లేకుండా వదిలేశారు. డేవిడ్ వింటర్‌తో కలిసి 1969లో మెక్‌క్లెలాండ్ ఈ కథంతా పుస్తకంగా వేశాడు.

ఆ తరగతుల్లో ఉపన్యాసాలకంటే ఆటలకే ఎక్కువ విలువ. వాటిలో ఒకటి గుంజకు రింగులు వేసే ఆట. తిరునాళ్లలో సబ్బుబిళ్ల మీదికి రింగు విసిరినట్టే, కాకపోతే ఎంత దూరం నుంచి వేస్తారన్నది మీ ఇష్టం. కొందరు గుంజ పక్కనే నిలబడి వేస్తారు. తప్పే భయం లేదు, తగిలినా గొప్ప లేదు. కొందరు గది చివరికి పోతారు. తగిలితే అదృష్టం, తగలకపోతే దూరానిది తప్పు. సాధించాలన్న తపన గట్టిగా ఉన్నవాళ్లు మధ్యలో ఎక్కడో నిలబడతారని మెక్‌క్లెలాండ్ గమనించాడు. అక్కడ రింగు తగలొచ్చు, తప్పొచ్చు. కానీ మణికట్టు కాస్త సరిచేసుకుంటే మారేది ఆ దూరంలోనే. రింగు ఎక్కడ పడిందో చూసి రెండోది వేయొచ్చు.

తర్వాత రెండేళ్లలో ఏమైందో లెక్క తీస్తే, శిక్షణ పొందినవాళ్లలో దాదాపు సగం మంది కొత్త సరుకు తేవడమో, వ్యాపారం పెంచడమో, ఇంకేదైనా కొత్త అడుగు వేయడమో చేశారు. శిక్షణ లేనివాళ్లలో అలా కదిలినవాళ్లు పావు వంతు. ఇంత చిన్న గుంపుతో పెద్ద తీర్పులు చెప్పకూడదు, నిజమే. అందులో నన్ను పట్టుకున్న విషయం వేరే ఉంది. మార్పు ప్రధానంగా కనబడింది కొట్లో నిర్ణయం తన చేతిలో ఉన్నవాళ్లలో. తండ్రి తాళాలు ఇవ్వని కొడుకు ఎన్ని రింగులు వేసి వచ్చినా, ఇంటికొచ్చాక చేయగలిగింది తక్కువే. ఇంకోటి, దేవుళ్లనూ ఆచారాలనూ వదిలితేనే వ్యాపారబుద్ధి వస్తుందన్న వాదం అక్కడ నిలవలేదు. పాత నమ్మకాలతోనే వాళ్లు కొత్త పని మొదలుపెట్టారు.

యాభై ఏళ్లు దాటాక పశ్చిమ ఆఫ్రికాలోని టోగో దేశంలో ఇంకా పెద్ద పరీక్ష జరిగింది. 1,500 మంది చిన్న వ్యాపారులను మూడు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు లెక్కలూ మార్కెటింగూ నేర్పారు. ఇంకో భాగానికి చొరవ నేర్పారు. అంటే ఎవరో చెప్పకముందే అడుగేయడం, పక్క కొట్టుకు భిన్నంగా ఏదైనా చేయడం, రాబోయే అడ్డంకిని ముందే ఊహించి పెట్టుకోవడం. మూడో భాగానికి ఏమీ నేర్పలేదు. 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం చొరవ నేర్చినవాళ్ల లాభాలు 30 శాతం పెరిగాయి. లెక్కల పాఠాలు విన్నవాళ్ల లాభం కచ్చితంగా పెరిగిందని చెప్పే పరిస్థితి లేదు.

ఇక ఎత్తిపోతలకు వద్దాం. సాగర్ గేట్లు 26. అందులో ఒక్కటి కూడా టీకొట్టు ఆయన చేతిలో లేదు. వానా అంతే, సెలవులూ అంతే. వాటి మీద ఆశ పెట్టుకున్నంత కాలం ఆయన గది చివర నిలబడి రింగులు వేస్తున్నట్టే. మంగళవారం ఎవరొస్తారు? మాచర్ల, సాగర్ రోడ్డున పోయే లారీ డ్రైవర్లు, పనుల మీద తిరిగేవాళ్లు. వాళ్లకు పొత్తులు వద్దు, వేడిగా అల్లం టీ, కడుపునిండా టిఫిను కావాలి. వరసలో ఉన్న కొట్లన్నీ ఒకే సరుకు అమ్ముతుంటే ఒక్క వస్తువు మార్చి చూడొచ్చు. ఈ వారం పది టీలు ఎక్కువ పోయాయా లేదా అన్నది గురి. వచ్చే ఏడాదికి హోటల్ కట్టాలన్నది ఆశ. ఆశ ఉండనీ, కానీ సాయంత్రానికి జవాబు చెప్పేది గురి మాత్రమే.

ఆదివారం సంగతి కూడా ఒకటుంది. న్యూయార్క్ టాక్సీ డ్రైవర్ల మీద 1997లో అచ్చయిన ఒక అధ్యయనంలో, గిరాకీ బాగున్న రోజు వాళ్లు ‘ఇవాళ్టికి చాలు’ అని త్వరగా ఇంటికి పోతున్నట్టూ, లేని రోజు ఎక్కువసేపు తిరుగుతున్నట్టూ తేలింది. దీనితో ఏకీభవించని ఆర్థికవేత్తలు తర్వాత వచ్చారు, వాదన ఇంకా తెగలేదు. అయినా మన కొట్లలో ఈ అలవాటు కళ్లముందే కనిపిస్తుంది. గల్లా నిండిందని ఆదివారం నాలుగింటికే పొయ్యి ఆర్పి, మంగళవారం చీకటి పడేదాకా ఈగలు తోలుతూ కూర్చుంటే ఒళ్లూ అలుస్తుంది, మనసూ విరుగుతుంది. మంగళవారం మధ్యాహ్నం మూసేసి మాచర్లలో సరుకు తెచ్చుకోవడం బద్ధకం కాదు.

వీటన్నిటికంటే బరువైనది అప్పు. జలపాతానికి వారాలు, కాలాలు ఉన్నాయి. డైలీ ఫైనాన్స్ వసూలు కుర్రాడికి లేవు. 464 మంది తమిళనాడు చెరకు రైతులను కోతకు ముందూ తర్వాతా పరీక్షించిన పరిశోధకులు 2013లో చెప్పిందేమిటంటే, చేతిలో డబ్బు లేని రోజుల్లో అదే మనిషి బుర్ర మందంగా పని చేసింది. కోత డబ్బు రాగానే తేరుకుంది. అంటే మనం నిరుత్సాహం అని పిలిచేది చాలాసార్లు కిస్తీ తేదీ. అదే ఏడాది కోల్‌కతా నుంచి వచ్చిన ఇంకో అధ్యయనంలో, అప్పు తీసుకున్న మహిళలకు మొదటి కిస్తీకి రెండు నెలల గడువిస్తే వాళ్లు వ్యాపారంలో ఎక్కువ పెట్టుబడి పెట్టారు, తర్వాత లాభాలూ పెరిగాయి. ఎగవేతలు కూడా పెరిగాయి, కాబట్టి ఇచ్చేవాళ్లు జంకడంలో అర్థముంది. గడువు దొరకని చోట కొట్టు మనిషి తనకు తానే గడువు ఇచ్చుకోవాలి. కార్తీకం డబ్బులోంచి ఎండాకాలం కిస్తీలు ముందే తీసి, చేతికందని ఖాతాలో వేసుకోవాలి. చేయడం కష్టమే, కార్తీకంలో ఇంటికి కావలసినవీ చాలానే ఉంటాయి.

టోగో లెక్కల్లో చొరవ నేర్చిన ఆడవాళ్ల లాభం 40 శాతం దాకా పెరిగింది. ఇలాంటి చోట్ల పొయ్యి దగ్గర కూర్చునేది ఎక్కువగా వాళ్లే, డ్వాక్రా అప్పు వాళ్ల పేరునే ఉంటుంది. ఏ సరుకు తేవాలి, ఎప్పుడు మూయాలి, ఆదివారం డబ్బు ఎక్కడ పెట్టాలి అన్నది మాత్రం చాలా ఇళ్లలో ఇంకొకరు తేలుస్తారు. అలాంటి ఇంట్లో ఆమెను ధైర్యంగా ఉండమ్మా అనడం కంటే ముందు గల్లాపెట్టె తాళం ఆమె కొంగుకు కట్టాలి.