ఎలక్ట్రిక్ కారుతో కారవాను యాత్ర



నేడు నేను ముచ్చటింపబోవు విషయము నా చదువునకు గాని, నలువది యేండ్లు నేను చేసిన యుపాధ్యాయవృత్తికి గాని చెందినది కాదు. రఘువంశమును బాలవ్యాకరణమును పాఠము చెప్పుకొని బ్రదికినవాడను. అయినను 2025వ సంవత్సరపు వేసవిలో ఇంగ్లండు దేశమున, బర్మింగ్‌హాము నగరమున, మా కుమారుని యింట మూడు నెలలుంటిమి. అప్పుడు ఎలక్ట్రిక్ కారునకు కారవాను తగిలించుకొని ఆఱు దినములు విహరించి వచ్చితిమి. మన యిండ్లలో బిడ్డలు సీమలో స్థిరపడినవారు నేడు పెక్కుమంది కలరు. “రండి నాన్నగారూ, కారవానులో దేశము చూపెదము” అని వారు పిలుచునప్పుడు, ఖర్చెంత, భయమెంత అను రెండు ప్రశ్నలు పెద్దలకు తోచుట సహజము. ఆ రెండును వేర్వేఱు ప్రశ్నలని నేనును తలచితిని. ఒక్కటే యని తెలియుటకు ఒక రాత్రి పట్టినది.

ముందుగా మాటలు. ఎలక్ట్రిక్ కారునకు “విద్యుచ్ఛకటము” అని పేరు పెట్టి మనుమరాలికి వినిపించితిని. అది నవ్వి, “తాతయ్యా, ఆ మాట పలుకులోపల కారు ఊరు దాటును” అన్నది. కావున వాడుకలోని మాటనే గ్రహించుచున్నాను. ఇక కారవాను అనగా చక్రములపై నిలిచిన చిన్న యిల్లు. పడకలు, పొయ్యి, నీళ్లతొట్టి, స్నానపు గది, అన్నియు నందే యుండును. స్వంత యంత్రముండదు, కారు వెనుకనున్న కొక్కెమునకు తగిలించి యీడ్చుకొని పోవలెను.

విహారమునకై యిల్లు వెంటగొని పోవు నలవాటును ఆ దేశమునకు రుచి చూపినవాడు గార్డన్ స్టేబుల్స్ అను నౌకాదళపు వైద్యుడు. ఆయన 1885లో బ్రిస్టలు నగరమున నొక కారవాను చేయించి, దానికి “వాండరర్” అని పేరిడి, రెండు గుఱ్ఱములను పూన్చి బయలుదేరెను. 1886లో ఆ యాత్రను గూర్చి గ్రంథము వ్రాసెను. ఎదురుబండ్లను, ఎత్తుపల్లములను కనిపెట్టుటకు ఒక సేవకుడు ట్రైసికిలుపై ముందు పోయెడివాడట. ప్రొద్దు గ్రుంకులోపల గుఱ్ఱములకు గడ్డియు, నీరును, కొట్టమును దొరకు తావు చేరవలెను గదా! నడుమ పెట్రోలు వచ్చి ఆ చింతను మఱపించినది. ఎలక్ట్రిక్ కారు దానిని మరల తెచ్చినది. నేడు సేవకునికి బదులు ఫోనులోని పటము ముందు పోయి చూచుచున్నది.

చింతకు హేతువేమన: మా యబ్బాయి కారు ఒంటరిగా పోవునప్పుడు 100 కిలోమీటర్లకు సుమారు 18 యూనిట్ల విద్యుత్తు కావలెను. యూనిట్టనగా మన యింటి మీటరులోని యూనిట్టే. వెనుక కారవానున్నచో అది ఇంచుమించు రెట్టించి 36 అగును. బరువే దీనికి కారణమని నేననుకొంటిని. బరువును కొంత కారణమే. ఎత్తు లెక్కునప్పుడు అది బాగుగా తెలియును. కాని సమతలమైన రాజమార్గమున గాలియే పెద్ద పగవాడు. కారవాను ముఖము బీరువావలె వెడల్పై నిలువుగా నుండును. దానికి తగులు గాలి యెదురు వేగము యొక్క వర్గమును బట్టి పెరుగును. అనగా వేగము రెట్టింపైనచో ఎదురు నాలుగు రెట్లగును. కారవాను నీడ్చు కారు రాజమార్గముపై గంటకు 60 మైళ్లు పోవచ్చునని అచ్చటి చట్టము. అట్లని 60 పోవలెనని లేదు. 52, 53 మైళ్లతో పోయినచో యూనిట్లు కంటికి కనబడునంత మిగులును. లారీలును రమారమి ఆ నడకనే పోవుచుండును గావున వెనుకవారు విసుగుకొనరు.

మా కారు బ్యాటరీలో 77 యూనిట్లు పట్టును. ఒంటరిగా నాలుగువందల కిలోమీటర్లు పోవు కారు కారవానుతో రెండువందల చిల్లర పోవును. తొట్టి యడుగంటు వఱకు పోరాదు గావున 170 అని లెక్కించుకొనుట మేలు.

ఇక బరువు. ప్రతి కారునకును ఎంత యీడ్వవచ్చునో కట్టినవారే నిర్ణయించి పత్రమున వ్రాయుదురు. కొన్ని ఎలక్ట్రిక్ కార్లు ఈడ్చుటకే పనికిరావు. టెస్లా మోడల్ వై 1600 కిలోగ్రాములు, కియా ఈవీ9లో నాలుగు చక్రములు తిరుగు రకము 2500 కిలోగ్రాములు ఈడ్చును. ఇదిగాక, సామానుతో కూడిన కారవాను బరువు కారు బరువులో 85 పాళ్లు మించకుండుట మంచిదని అచ్చటి కారవాను సంఘములవారు చిరకాలముగా చెప్పుచున్నారు. ఈ విషయమున ఎలక్ట్రిక్ కారునకు ఒక మేలు కలదు. బ్యాటరీ మూలమున అది స్వయముగా బరువైనది. ఆ బరువును నేలకు దగ్గఱగా నుండును. కావున వెనుకనున్న కారవాను పామువలె మెలికలు తిరుగుట కొంత తగ్గును.

మేలున్నదని కారవాను నిండ నింపరాదు. మా కారవాను నిండు బరువు 1400 కిలోగ్రాములు మించరాదు. వట్టిదే 1250 తూగును. మిగిలిన 150 కిలోగ్రాములలో నీళ్లు, గ్యాసు, దుప్పట్లు, కుర్చీలు, గుడారము రావలెను. నా భార్య పచ్చళ్ల జాడీలు, రోలు, పది కిలోల బియ్యము సిద్ధము చేసినది. రోలు దింపించుటకు మా యబ్బాయి పడిన శ్రమ కారవాను తగిలించుటకు పడలేదు.

సామాను ఎంత యనుటతో తీరదు. ఎచ్చట నుంచవలెననునది మఱియు ముఖ్యము. ఎడ్లబండి తోలినవారికి దీని మర్మము చెప్పనక్కఱలేదు. బరువు ముందున కెక్కువైనచో కాడి యెద్దుల మెడలను నొక్కును. వెనుకకు మొగ్గినచో కాడి పైకి లేచి బండి అదుపు తప్పును. కారవానుకును నొగ కలదు; ఎద్దుల మెడకు బదులు కారు కొక్కెము. నిండు బరువులో నూటికి 5 మొదలు 7 పాళ్లు కొక్కెముపై నానవలెనని నియమము. 1400 కిలోగ్రాములకు ఇది 70 మొదలు 98. కారు కొక్కెము సహించు పరిమితి యింతకు తక్కువైనచో దానికే లోబడవలెను. బరువైన వస్తువులు ఇరుసు మీదుగా, నేలబారున నుండవలెను. 2021 డిసెంబరు 16 నుండి గ్రేటు బ్రిటనులో సామాన్యమైన కారు లైసెన్సు గలవారందఱును, ప్రత్యేక పరీక్ష లేకయే, 3500 కిలోగ్రాముల వఱకు ఈడ్వవచ్చును. పరీక్ష పోయినదే కాని నేర్వవలసిన దేదియు పోలేదు.

మఱొక చిన్న మాట. ఎలక్ట్రిక్ కారు వేగము తగ్గించునప్పుడు తన మోటారుతోనే నిదానించి, ఆ శక్తిని బ్యాటరీలోనికి మరలించుకొనును. బ్యాటరీ నిండుగా నున్నప్పుడు అది పుచ్చుకొనుటకు చోటుండదు. నిండు బ్యాటరీతో, వెనుక టన్నుకు పైబడిన బరువుతో, కొండ దిగుచు ఈ సాయమును నమ్ముకొనరాదు.

బర్మింగ్‌హామునుండి విండర్‌మియర్ సరస్సునకు సుమారు 250 కిలోమీటర్లు. దారిలో ఒకచో చార్జింగునకై ఆగితిమి. అచ్చట కొట్టములో పశువు గాటికి తల పెట్టినట్లు కారు మూతిని యంత్రమునకు చేర్చి నిలుపవలెను. కారవాను తోకగా నున్నచో దారికడ్డము. కావున దానిని విప్పి, వేఱొక మూలను నిలిపి, చేతి బ్రేకు వేసి, చక్రమునకు తాళము బిగించి, కారును మాత్రము కొనిపోవలసి వచ్చినది. వర్షము కురియుచుండెను. నేను గొడుగుతో కారవానుకు కావలి యుంటిని. కారవానుతో సూటిగా ముందుకు సాగిపోవు చార్జింగు తావులు అక్కడక్కడ వెలయుచున్నవి. ముందుగా పటమున వెదకి వానినే యెంచుకొనవలెను. ఒంటరిగా పోవువారికి, నడుము నొప్పి గలవారికి, ఈ విప్పుట తగిలించుటలే యాత్రలోని పెద్ద కష్టము.

ఆ తావున 40 యూనిట్లకు, యూనిట్టునకు 78 పెన్నీల చొప్పున, 31 పౌనులు చెల్లించితిమి. మా యబ్బాయి మొగము చిన్నబోయినది. ఏలయన ఇంటియొద్ద రాత్రివేళ, ప్రత్యేకపు ధరలో, యూనిట్టు 8 పెన్నీలకే దొరకును. ఇంటి విద్యుత్తుపై పన్ను నూటికి 5. బయటి చార్జింగుపై 20.

లెక్క చూతము. పోవుటకు వచ్చుటకు 500 కిలోమీటర్లకు 180 యూనిట్లు. ఇంట నింపుకొని పోయినవి 70. వాని వెల 5 పౌనుల 60 పెన్నీలు. దారిలో కొనవలసినవి 110. వాని వెల 85 పౌనుల 80 పెన్నీలు. వెరసి 91 పౌనుల 40 పెన్నీలు. డీజిలు కారు కారవానుతో 100 కిలోమీటర్లకు 10 లీటర్లు త్రాగుననియు, లీటరు 1 పౌను 45 పెన్నీలనియు వేసికొన్నచో 72 పౌనుల 50 పెన్నీలతో ముగియును. అనగా యాత్ర వఱకు ఎలక్ట్రిక్ కారే ప్రియము! ఈ మాట అమ్మువారు చెప్పరు. కాని యాత్ర ఆఱు దినములు. సంవత్సరము 365 దినములు. మిగిలిన కాలమున 12,000 కిలోమీటర్లు ఒంటరిగా తిరిగినచో ఇంటి విద్యుత్తు 173 పౌనులు. 100 కిలోమీటర్లకు 6 లీటర్ల చొప్పున డీజిలు 1044 పౌనులు. ఎలక్ట్రిక్ కార్లును 2025 ఏప్రిలు నుండి రోడ్డు పన్ను చెల్లించుచున్నవి. 2028 ఏప్రిలు నుండి మైలునకు 3 పెన్నీలు అదనముగా వసూలు చేయుదుమని 2025 నవంబరులో అచ్చటి ప్రభుత్వము ప్రకటించినది. ఆ లెక్కన ఏటికి మఱి 224 పౌనులు. అయినను మిగులు మిగులే. ఇంట చార్జింగు చేసికొను వసతి లేనివారికి మాత్రము ఈ లెక్క పూర్తిగా తలక్రిందగును.

ఇక ఆ రాత్రి. సరస్సునొద్ద విడిది చేరుసరికి బ్యాటరీలో మూడవవంతు కూడ లేదు. విడిదిలో ప్రతి కారవానుకు ఒక విద్యుత్ స్తంభము కలదు. అందు 16 ఆంపియర్ల సాకెట్టు. 230 వోల్టులతో గుణింప 3680 వాట్లు. ఆ విద్యుత్తు అద్దెలో చేరియే యున్నది. 78 పెన్నీల గాయము ఇంకను మానలేదు గావున, అబ్బాయి కారవాను లోపలి సాకెట్టున కారు కేబులు పెట్టి, కిటికీ గుండ బయటికి తీసి, కారునకు తగిలించెను. కారు తీసికొనునది 2300 వాట్లు. చలిగా నుండుటచే 1000 వాట్ల హీటరు వెలుగుచున్నది. స్తంభము దగ్గఱనే గావున 25 మీటర్ల కారవాను కేబులులో ఐదాఱు మీటర్లు విప్పి, తక్కినది చుట్టగనే కారవాను క్రింద వదలినారు.

రాత్రి రెండు గంటలకు నా భార్య లేపినది. “ఏమండీ, ఎక్కడో కమురు వాసన వస్తున్నది” అన్నది. నాకు వాసన తెలియలేదు. ఆమె మాట ఎన్నడును వట్టిపోలేదు గావున అబ్బాయిని లేపితిని. చూడగా ప్లగ్గు ముఖము గోధుమవన్నెకు కమిలి మెత్తబడియున్నది. క్రిందనున్న కేబులు చుట్ట చేయి పెట్టలేనంత కాగినది. దానిపై, అర అడుగు ఎత్తున, మనుమరాలు నిద్రించుచున్నది.

రక్షణ మీట ఏల పడలేదని మఱునాడు అబ్బాయి నడిగితిని. 3300 వాట్లనగా 14 ఆంపియర్లు చిల్లర. 16 దాటలేదు గనుక అది పడదు. విద్యుత్తు నేలలోనికి కారినచో త్రెంచు మఱొక మీట కలదు. అది 30 మిల్లీ ఆంపియర్లకే మేలుకొనును, కాని వేడిని ఎఱుగదు. చుట్టగా నున్న కేబులు తన వేడిని బయటికి విడువలేక తానే కాగిపోవును. కెటిలునకు మూడు నిమిషములు సరిపోవు సాకెట్టు, పది గంటలు ఎడతెగక కారునకు మేత పెట్టుటకు చేసినది కాదు. బ్రిటను విద్యుత్ నియమగ్రంథమగు బీఎస్ 7671లో కారవాను విడుదులకు 708వ విభాగమును, కార్ల చార్జింగునకు 722వ విభాగమును వేర్వేఱుగా నున్నవి. ఒకదాని సూత్రమును మఱొకదానికి అన్వయింప జూచుట మా తప్పు. విడిది ద్వారమున పలకపై ఈ నిషేధము వ్రాసియే యున్నది, మేము చదువలేదు. జీవితమంతయు చదువు చెప్పినవాడను!

ఎలక్ట్రిక్ కార్లు తమంత తాము మండిపోవునను భయము లోకమున ఎక్కువ. లెక్కలు చూడగా పెట్రోలు కార్లకంటె ఇవి అరుదుగనే మండుచున్నవి. బ్యాటరీ అంటుకొన్నప్పుడు మాత్రము ఆర్పుట మిక్కిలి కష్టము, ఆరినది మరల రగులుటయు కలదు. కారవానులు తేలిక చెక్కతో, ప్లాస్టిక్కుతో కట్టినవి గావున, ఒకదానికొకటి 6 మీటర్లు ఎడముగా నిలుపవలెనని అచ్చటి యేర్పాటు. ఆ రాత్రి భయము కారునుండి రాలేదు. ఎనిమిది పౌనుల విలువ సేయు ప్లగ్గునుండి వచ్చినది.

మన శాస్త్రములలో ఘట్టకుటీప్రభాత న్యాయమని కలదు. సుంకము తప్పించుకొన దలచిన వర్తకుడు రాత్రియంతయు అడ్డదారుల తిరిగి, తెల్లవాఱుసరికి సుంకపు పాక యెదుటనే తేలెనట. ఒక రాత్రి పది గంటలకు ఆ స్తంభమునుండి వచ్చునది 23 యూనిట్లు; దారి ధరలో 18 పౌనులు. క్రొత్త కేబులునకు, సాకెట్టు మార్చుటకు అంతకు నాలుగు రెట్లు వ్యయమైనది.

విడిదులలో కొన్ని ఇప్పుడు కార్యాలయము ప్రక్కన 7 కిలోవాట్ల చార్జింగు స్తంభములను ప్రత్యేకముగా నాటి, వేఱు మీటరుతో వెల పుచ్చుకొనుచున్నవి. బయలుదేఱుటకు ముందే దానిని విచారింపవలెను. లేనిచో ఉపాయము సులభము. మఱునాడు మేము చేసినదదియే. కారవాను విడిదిలోనే యున్నది, విప్పవలసిన పని లేదు. మేము ఉప్మా చేసికొనుచుండగా అబ్బాయి కారును మాత్రము తీసికొని కెండలు పట్టణమునకు పోయి నింపుకొని వచ్చెను. తిరుగుదారిలో మరల ఒకచో ఆగితిమి; ఈసారి వర్షము లేదు.

ఈ యేడు వారు పీక్ డిస్ట్రిక్టు కొండలకు పోవ నిశ్చయించినారు. బర్మింగ్‌హామునకు సుమారు 100 కిలోమీటర్లు. పోవుటకు ఇంటి యూనిట్లే చాలును. కేబులు నంతయు విప్పి పఱచు పని మనుమరాలు తనదన్నది. రోలు మాట నా భార్య మరల ఎత్తినది.