నిలిచిన చోట నిలవాలంటే: హెలికాప్టర్ ఆటోపైలట్ కథ

2021 నవంబరు 19న చిత్రావతి పొంగింది. ఏడాది మొత్తం మీద సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం సీమలో, ఎక్కువ కాలం ఇసుకే కనిపించే ఏరు అది. చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర దాన్ని దాటబోయిన ఒక కారు ప్రవాహంలో చిక్కుకుంది. అందులోని వాళ్లను కాపాడటానికి జేసీబీ దిగింది, అదీ కదల్లేకపోయింది. చివరికి పది మంది నడి ఏట్లో మిగిలిపోయారు. వైమానిక దళానికి చెందిన ఎంఐ-17 హెలికాప్టర్ వచ్చి ఆ పది మందినీ బయటికి తెచ్చింది.

టీవీల్లో ఆ దృశ్యం చూసినవాళ్లకు గుర్తుండేది నీటి ఉద్ధృతి, జేసీబీ మీది మనుషులు. వాళ్లకు పైన జరిగిన పని కూడా అంతే కష్టమైనది. పది టన్నుల పైచిలుకు బరువున్న యంత్రం ఈదురుగాలిలో ఒకే చోట ఆగి ఉండాలి. ముందుకు ఎగిరే హెలికాప్టర్‌కు తోక రెక్కలూ వేగమూ కొంత నిలకడ ఇస్తాయి. ఆగి ఉన్నప్పుడు ఆ ఆసరా ఉండదు. గాలి దాన్ని ఒక పక్కకు కొంచెం నెట్టిందంటే అది వంగుతుంది, వంగిన వైపు జారుతుంది, జారే వేగానికి రోటర్ వెనక్కి వాలుతుంది, ఈసారి అవతలికి ఇంకా ఎక్కువ జారుతుంది. పట్టించుకోకుండా వదిలేస్తే ఆ ఊగిసలాట ప్రతిసారీ పెరుగుతూ పోతుంది. అరచేతిలో కర్రను నిలబెట్టినవాడు చేతిని ఆపకుండా ఆడిస్తున్నట్టే, పైలట్ కుడిచేయి ఒరుగు మార్చే సైక్లిక్ కర్ర మీద, ఎడమచేయి ఎత్తు మార్చే కలెక్టివ్ మీద, రెండు కాళ్లు పెడళ్ల మీద నిరంతరం కదులుతూ ఉండాలి. ఆ శ్రమలో కొంత భాగాన్ని పంచుకోవడానికి పుట్టిందే హెలికాప్టర్ ఆటోపైలట్.

విమానానికి ఆ సాయం చాలా ముందే దొరికింది. 1914 జూన్ 18న పారిస్ దగ్గర లారెన్స్ స్పెర్రీ తన కర్టిస్ విమానంలో చేతులు రెండూ పైకెత్తి ఎగిరి చూపించాడు. మెకానిక్ ఎమిల్ కాషాన్ రెక్క మీదికి నడిచి వెళ్లినా విమానం ఒరగలేదు, గైరోస్కోపులు సరిదిద్దుకున్నాయి. హెలికాప్టర్‌కు అదే పని చేయడానికి మరో పాతికేళ్ల పైనే పట్టింది. విమానం స్వతహాగా కాస్తో కూస్తో నిలకడ ఉన్న యంత్రం. హెలికాప్టర్ అలాంటిది కాదు.

దానికి తొలి జవాబు కరెంటుతో సంబంధం లేనిది, ఒక ఇనుప కడ్డీ. ఆర్థర్ యంగ్ అనే అమెరికన్ పెన్సిల్వేనియాలో ఒక పొలంలోని కొట్టాంలో చిన్న నమూనాలు ఎగరేస్తూ ఏళ్లు గడిపాడు. రోటర్ కింద, దానికి అడ్డంగా, కొసల్లో బరువులున్న కడ్డీని తిప్పితే అది గైరోలా తన సమతలాన్ని వదలదని కనిపెట్టాడు. హెలికాప్టర్ ఒరిగినా కడ్డీ వెంటనే ఒరగదు. ఆ తేడానే లింకుల ద్వారా రెక్కల కోణాన్ని మార్చి యంత్రాన్ని తిరిగి సరి చేస్తుంది. 1941లో ఆయన బెల్ కంపెనీలో చేరాడు. ఆ కడ్డీతో వచ్చిన బెల్ 47 హెలికాప్టర్‌కే 1946 మార్చి 8న పౌర వినియోగానికి ప్రపంచంలో మొదటి ధ్రువపత్రం దక్కింది. ఆ కడ్డీ అంటే నాకు అపారమైన గౌరవం. తీగలు లేవు, పెట్టెలు లేవు. చెడిపోతే కంటికి కనిపిస్తుంది, చేతికి దొరుకుతుంది.

ఆ తర్వాత పుట్టినవన్నీ కంటికి కనిపించని చోట చెడిపోయేవే.

1950లలో సముద్రం మీద జలాంతర్గాముల్ని వెతికే పని హెలికాప్టర్లకు అప్పగించారు. రాత్రి చీకట్లో, దిక్కూ మొక్కూ కనిపించని నీటి మీద, కేబుల్‌తో సోనార్‌ను దించి నిమిషాల తరబడి ఆగి ఉండాలి. కంటిని నమ్ముకున్న పైలట్‌కు అది అసాధ్యం. అందుకని సికోర్‌స్కీ హెలికాప్టర్లలో డాప్లర్ రాడార్, రేడియో ఆల్టిమీటర్, గైరోలు కలిపి వాటంతట అవే ఆగి ఉండే ఏర్పాటు చేశారు. 1959లో తొలిసారి ఎగిరిన సీ కింగ్ దీనికి పేరుమోసింది. విశాఖ ఐఎన్ఎస్ డేగాలో చాలా ఏళ్లు సేవ చేసి 2024 జూన్‌లో విరమించిన యూహెచ్-3హెచ్‌లు ఆ కుటుంబానివే.

డాప్లర్ కొలిచేది కింది ఉపరితలానికీ హెలికాప్టర్‌కూ మధ్య వేగం. కింద నేల ఉంటే ఫర్వాలేదు. పారే వరద ఉంటే? వరద సెకనుకు మూడు మీటర్లు పారుతోందనుకుందాం. డాప్లర్ మాట విని ‘నేను ఆగి ఉన్నాను’ అనుకునే ఆటోపైలట్ పది సెకన్లలో ముప్పై మీటర్లు దిగువకు, నీటితో పాటే కొట్టుకుపోతుంది. అది చెడిపోలేదు, చెప్పిన పని తు.చ. తప్పకుండా చేసింది. అది నమ్ముకున్న ఆధారమే కదులుతోంది. అందుకే సీ కింగ్ తలుపు దగ్గర కూర్చున్న సిబ్బంది చేతికి కూడా ఒక చిన్న కర్ర ఇచ్చారు. కింది మనిషిని కళ్లారా చూస్తూ హెలికాప్టర్‌ను కొంచెం అటూ ఇటూ జరుపుకోవడానికి అది. హెలికాప్టర్ ఆటోపైలట్ చరిత్ర నాకు ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది: కదలనిది ఏది? దానికి తప్పు జవాబు అందినప్పుడే ఈ యంత్రం పెద్ద చిక్కుల్లో పడుతుంది.

తప్పు జవాబు అందుతుందని తెలుసు కనుకే దాని బలానికి హద్దు పెట్టారు. ఎంఐ-17కు మూలమైన ఎంఐ-8లో ఉన్న ఏపీ-34బీ ఆటోపైలట్‌కు నాలుగు మార్గాలు: ముక్కు పైకీ కిందికీ, పక్కలకు ఒరగడం, దిశ, ఎత్తు. అది హైడ్రాలిక్ బూస్టర్ల ద్వారా కంట్రోళ్లను కదుపుతుంది, కానీ మొత్తం కదలికలో సుమారు ఐదో వంతే దాని చేతిలో ఉంటుంది. మిగతాది పైలట్‌ది. లోపల ఎక్కడో షార్ట్ అయి ఆటోపైలట్ ఒక కొసకు గుంజేసినా, పైలట్ దాన్ని మించి సరిదిద్దుకోగలడు, సైక్లిక్ మీది బటన్ నొక్కి దాన్ని తప్పించగలడు. కొత్త హెలికాప్టర్లలో రెండు కంప్యూటర్లు ఒకదాన్నొకటి చూసుకుంటూ, లెక్క కుదరకపోతే తమంతట తామే తప్పుకుంటాయి. బెంగళూరులో 1992 ఆగస్టు 20న తొలిసారి ఎగిరిన మన ధ్రువ్‌లోనూ నాలుగు మార్గాల ఆటోపైలట్ ఉంది.

ఇక నేల మీది సంగతి. పైలట్ దిగి లాగ్‌బుక్‌లో స్నాగ్, అంటే లోపం, రాస్తాడు: ‘ఆల్టిట్యూడ్ హోల్డ్ పెడితే పైకీ కిందికీ వేటాడుతోంది.’ అంటే, ఎత్తు పట్టి ఉంచమంటే నిలవక ఊగుతోందని. టెక్నీషియన్‌కు దొరికేది ఆ ఒక్క వాక్యమే. హ్యాంగర్లో కరెంటు ఇచ్చి స్వయం పరీక్ష నడిపితే పచ్చ దీపాలు వెలుగుతాయి. అంతా సరిగానే ఉందని రాసి పంపితే మర్నాడు అదే స్నాగ్ తిరిగొస్తుంది. ఎందుకంటే నేల మీద రోటర్ కంపనం లేదు, గాలి వేగం లేదు, ఇంజను వేడి లేదు.

అనుభవం ఉన్నవాళ్లు మొదట ఖరీదైన కంప్యూటర్ పెట్టె మీద అనుమానపడరు. ఆ పెట్టెకు కబురు మోసేవాటి మీద పడతారు. ఎత్తు కబురు వచ్చేది పొట్ట పక్కన, గాలి పీడనాన్ని అందుకునే చిన్న స్టాటిక్ రంధ్రాల నుంచి. అనంతపురం లాంటి చోట, దుక్కి దున్నిన ఎర్రనేలల్లో దిగితే రోటర్ లేపే ధూళి ఆ రంధ్రాల్లో చేరుతుంది. సగం మూసుకున్న రంధ్రం అబద్ధం చెప్పదు, నిజాన్ని ఆలస్యంగా చెబుతుంది. ఆ ఆలస్యమే వేటాటకు కారణం. గాలి వేగం కొలిచే పైటో గొట్టానికి తొడుగు వేయడం మరిచిపోతే మట్టితో గూడు కట్టే కందిరీగలు దాన్ని ఇల్లు చేసుకుంటాయి. ఎర్ర రిబ్బన్ వేలాడే ఆ చిన్న తొడుగు ఈ వ్యవస్థ మొత్తంలో అతి చవకైన భాగం, నా లెక్కలో అతి ముఖ్యమైన భాగాల్లో ఒకటి.

తర్వాత తీగలు, కనెక్టర్లు. హెలికాప్టర్ అన్నది ఎప్పుడూ వణికే యంత్రం. బిగింపు క్లిప్పు దగ్గర తీగ తొడుగు అరిగి, యంత్రం ఒరిగినప్పుడు మాత్రమే లోహాన్ని తాకుతుంది. పిన్ను వదులై ఒక కంపన వేగంలో మాత్రమే కనెక్షన్ వదులుతుంది. ఒకే రకం పెట్టెలు రెండుంటే టెక్నీషియన్ వాటిని అటుదిటు మారుస్తాడు. జబ్బు పెట్టెతో పాటు మారితే పెట్టెదే తప్పు. అక్కడే ఉండిపోతే తీగల్లోనో సెన్సర్లోనో వెతకాలి. ఇంత సాదా తర్కమే గంటల పనిని తగ్గిస్తుంది. ఒక్కోసారి ఫిర్యాదు ఆటోపైలట్ మీద వస్తుంది, రోగం మాత్రం రోటర్ రెక్కల బ్యాలెన్సులో ఉంటుంది. ఆ వణుకే గైరోకు ఊగిసలాటలా తోస్తుంది. హైడ్రాలిక్ నూనెలో మలినం చేరి వాల్వు జిగటపడ్డా లక్షణం ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

వేడి కూడా ఇక్కడ ఒక లెక్క. 42 డిగ్రీల ఎండలో అనంతపురం గాలి, ప్రామాణిక వాతావరణంలో సుమారు 1,350 మీటర్ల ఎత్తున ఉండే గాలంత పలచన. ఇంజనుకూ రోటర్‌కూ మిగులు బలం తగ్గుతుంది. ఎత్తును పట్టి ఉంచమని చెప్పిన ఆటోపైలట్, లేని బలాన్ని అడుగుతుంది. 2013 ఆగస్టు 23న స్కాట్లండ్ ఉత్తరాన సంబరా దగ్గర సూపర్ ప్యూమా ప్రమాదం చల్లని చోట జరిగినా దీనికి దగ్గరి కథే. ఆటోపైలట్ దిగే వేగాన్ని పట్టి ఉంచింది, ఇంజను బలం సరిచూసే పని పైలట్లది. బలం చాలక అది ముక్కు పైకెత్తుతూ పోయింది, గాలి వేగం పడిపోయింది, ఎవరూ గమనించలేదు. నలుగురు చనిపోయారు. ఆటోపైలట్‌లో లోపం ఏదీ లేదు.

మరమ్మతు చేసే చేయి చేరలేనంత దూరంలో యంత్రం ఉంటే? దానికి జవాబు కూడా 2021లోనే దొరికింది, అందులో మన కరువు సీమ పొరుగువాడి పాత్ర ఒకటుంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ పాఠశాలలో చదివి, తర్వాత ఐఐటీ మద్రాసులో ఇంజనీరింగ్ చేసిన బాబ్ బలరాం, నాసా జేపీఎల్‌లో కుజ గ్రహానికి పంపిన ఇంజెన్యుటీ హెలికాప్టర్‌కు చీఫ్ ఇంజనీరుగా పనిచేశాడు. కుజుడి మీద గాలి సాంద్రత మనదాంట్లో నూటికి ఒక వంతు. 1.8 కిలోల ఆ యంత్రం నిమిషానికి సుమారు 2,500 సార్లు తిరిగే రెక్కలతో 2021 ఏప్రిల్ 19న మూడు మీటర్లు లేచి 39 సెకన్లు గాలిలో ఉంది. భూమి నుంచి రేడియో మాట చేరడానికే నిమిషాలు పడుతుంది కనుక అక్కడ పైలట్ ఉండడు. ఆటోపైలట్‌దే పూర్తి అధికారం, ఐదో వంతు హద్దు అక్కడ లేదు.

దాని జబ్బులన్నీ ఇంద్రియాలవే. 2021 మే 22న ఆరో ప్రయాణం. కిందికి చూసే కెమెరా సెకనుకు 30 బొమ్మలు తీస్తుంది, వాటిలో నేల మీది గుర్తులు ఎటు జరిగాయో చూసి కంప్యూటర్ తన దారి తెలుసుకుంటుంది. ఎగిరిన సుమారు 54వ సెకనులో ఒకే ఒక్క బొమ్మ దారిలో పోయింది. దాంతో తర్వాతి ప్రతి బొమ్మ మీదా సమయం ముద్ర తప్పుగా పడింది. కాసేపటి కిందటి నేలను ఇప్పటి నేల అనుకుని సరిదిద్దడం మొదలుపెట్టింది, ఇరవై డిగ్రీలకు పైగా అటూ ఇటూ ఊగింది. అయినా అనుకున్న చోటికి ఐదు మీటర్ల లోపే దిగింది. ఎందుకంటే దిగే చివరి క్షణాల్లో కెమెరా మాట వినకూడదని ఇంజనీర్లు ముందే రాసిపెట్టారు. మన స్టాటిక్ రంధ్రంలో ధూళి చేసిన తప్పూ ఇదే: నిజాన్ని ఆలస్యంగా చెప్పడం.

2022లో దాని ఇంక్లినోమీటర్ పనిచేయడం మానేసింది. ఎగిరే ముందు ‘నేల ఎంత వాలుగా ఉంది’ అని చెప్పేది అదే. కొత్తది పంపే వీలు లేదు. ఎగిరేటప్పుడు వాడే మరో సెన్సర్‌తో నేల మీద వాలును అంచనా వేసేలా సాఫ్ట్‌వేర్ సవరణ పంపారు, అది మళ్లీ ఎగిరింది. హ్యాంగర్లో పెట్టెలు మార్చి చూసే టెక్నీషియన్ తర్కమే ఇక్కడ కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి నడిచింది. ఐదు ప్రయాణాలు చాలనుకున్న యంత్రం 72 చేసింది. 2024 జనవరి 18న చివరిదానిలో కింద అంతా మెత్తని ఇసుక అలలే, గుర్తుపట్టడానికి ఒక్క రాయి సరిగా లేదు. కదలనిది ఏదో దానికి దొరకలేదు. పక్కకు జారుతూ దిగింది, రెక్కలు విరిగాయి.

ఇటు మన సీమ సరిహద్దు అవతల, మడకశిర నుంచి సుమారు వంద కిలోమీటర్ల దూరాన తుమకూరు జిల్లా గుబ్బి తాలూకాలో 2023 ఫిబ్రవరి 6న హెచ్ఏఎల్ హెలికాప్టర్ కర్మాగారం మొదలైంది. అక్కడ తయారయ్యేవాటిని రేపు చూసుకోవలసిన చేతుల్లో మన సీమ పిల్లలవీ ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల్లో టర్బైన్ హెలికాప్టర్ యంత్ర భాగాలకు బీ1.3 లైసెన్సు, ఏవియానిక్స్‌కు బీ2. ఆటోపైలట్ ఈ రెండింటి సరిహద్దు మీద కూర్చుంటుంది: గైరో ఒకరిది, బూస్టర్ మరొకరిది. స్నాగ్‌ను ఒకరి మీదికి ఒకరు నెట్టకుండా ఇద్దరూ కలిసి వెతికే చోటే అది దొరుకుతుంది. వెతికింది ఏమిటో, మార్చింది ఏమిటో, పరీక్షలో వచ్చింది ఏమిటో రాసి లైసెన్సున్న మనిషి సంతకం పెట్టేదాకా ఆ హెలికాప్టర్ లేవడానికి వీల్లేదు.