పూజ సరుకే కదా అని ఊరుకోవద్దు
దేవుడికి పెట్టింది తిరిగి ఇంటికే చేరుతుంది

శ్రావణ మాసం ప్రవేశించిందంటే గోదావరి డెల్టా గ్రామాల్లో పచారీ కొట్ల ముఖం మారిపోతుంది. బియ్యం, పప్పుల బస్తాలు వెనక్కి జరుగుతాయి. పసుపు కుంకుమ పొట్లాలు, కర్పూరం డబ్బాలు, అగరుబత్తి కట్టలు, దీపారాధన నూనె సీసాలు ముందుకు వస్తాయి. మంగళగౌరి నోము, వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి, దసరా, దీపావళి, ఆ తరువాత కార్తీక దీపాలు. నాలుగు నెలల పాటు ఏ ఇంటికైనా పూజ సామగ్రి ఖర్చు తప్పదు. కూలికి వెళ్లే ఇల్లాలు కూడా వాయనానికి లోటు రానివ్వదు.

అయితే వంటకు కొనే సరుకును నాలుగుసార్లు తిప్పి చూసేవారు సైతం పూజకు కొనే సరుకును చూడకుండానే సంచిలో వేసుకుంటున్నారు. దేవుడికే కదా, ఎవరు తింటారు అన్న ధీమా. చౌకబారు సరుకు చలామణీ అవుతున్నది ఈ ధీమా మీదనే. నిజానికి దేవుడికి పెట్టినది ఏదీ దేవుడి దగ్గర ఉండిపోదు. కుంకుమ ఇల్లాలి నుదుటికి, పసుపు ఆమె సూత్రాలకు, పాదాలకు చేరుతుంది. పండు పిల్లవాడి నోటికి, పత్రి పశువుల దొడ్డికి, వినాయకుడి బొమ్మ ఊరి కాలువకు చేరుతాయి. కనుక పూజ సరుకును కూడా తినే సరుకును ఎంచినట్టే ఎంచవలసి ఉంది.

కొమ్ములు కొని దంచుకుంటే మేలు

పూజకు మొదట కావలసినది పసుపు. పొడి రూపంలో అమ్మే పసుపులో మెటానిల్ ఎల్లో అనే రంగు, సీసంతో తయారయ్యే లెడ్ క్రోమేట్ అనే మరో రంగు కలిపే మోసం దేశంలో చాలాకాలంగా ఉన్నదే. దీన్ని కొంతవరకు ఇంట్లోనే కనిపెట్టవచ్చు. గాజు గ్లాసెడు నీళ్లలో చెంచాడు పసుపు వేసి కదపకుండా ఉంచాలి. మంచి పసుపు అడుగుకు దిగుతుంది, పైనీరు లేత పసుపుగా ఉంటుంది. రంగు కలిసినదైతే పొడి దిగుతుండగానే నీరంతా ముదురు పసుపుకు తిరుగుతుంది. అయితే సీసపు రంగు నీళ్లలో కరగదు కాబట్టి ఈ పరీక్షకు అది దొరకదు. అందుకే కొమ్ములు కొని ఇంట్లో దంచుకోవడమో, మర పట్టించుకోవడమో మేలు. కొమ్ములు కూడా అద్దంలా మెరుస్తూ, అరచేతిలో రుద్దితే రంగు అంటుతుంటే తీసుకోకూడదు.

కుంకుమ అసలు పసుపు నుంచి పుట్టినదే. పసుపులో సున్నం కలిస్తే ఎర్రనవుతుందని హారతి ఎర్రనీళ్లు కలిపే ప్రతి ముత్తైదువకూ తెలుసు. పాతకాలంలో కుంకుమ తయారీకి ఈ గుణమే ఆధారం. ఇప్పుడు పొట్లాల్లో వచ్చే చౌక కుంకుమలో చాలాచోట్ల పిండికి బట్టల రంగు వంటి రంగులు కలుపుతున్నారు. ఇటువంటిది చిటికెడు నీళ్లలో వేస్తే నీరు వెంటనే గులాబీ రంగులోకి మారిపోతుంది. రోజూ పెట్టుకుంటే కొందరికి నుదుట దురద, పొక్కులు వచ్చి, బొట్టు పెట్టే చోట చర్మం నల్లబడుతుంది. అది కుంకుమ పడకపోవడం వల్ల వచ్చిన చర్మవ్యాధే తప్ప దేవుడి కోపం కాదు. ఆ కుంకుమ మాని డాక్టరుకు చూపించుకోవాలి.

ఆంజనేయస్వామికి పూసే సింధూరం సంగతి వేరు. దానిలో కొన్ని రకాలు సీసం నుంచే తయారవుతాయి. స్వామికి పూసినంత వరకు సరే. పసిపిల్లల నుదుట పెట్టడం, ఆ చేత్తోనే ప్రసాదం పంచడం మానుకోవాలి. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది.

దీపం నూనె వంటింట్లోకి రాకూడదు

దీపారాధన నూనె అని అమ్మే సీసాల మీద అది వంటకు పనికిరాదని సాధారణంగా చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. పండుగ అయ్యాక సీసాలో మిగిలిన నూనెను పారబోయడానికి మనసొప్పక పోపుల గిన్నెలో పోసే ఇల్లు ఉంటే వెంటనే ఆ అలవాటు మానుకోవాలి. ఏయే నూనెలు కలిపారో సీసా మీద లేనప్పుడు అది దీపానికే పరిమితం. చదువు రాని పెద్దవారు ఉన్న ఇంట్లో ఆ సీసాను దేవుడి గూట్లోనే ఉంచడం క్షేమం. వీలైనవారు గానుగ నువ్వుల నూనె గాని, ఇంటి కొబ్బరి నూనె గాని తెచ్చుకుంటే దీపానికీ వంటకూ ఒక్కటే సరిపోతుంది.

వత్తుల్లోనూ తేడా ఉంది. ఒక వత్తి వెలిగించి చూస్తే పత్తిదైతే బూడిద మిగులుతుంది. కృత్రిమ నూలు కలిస్తే కరిగి చివర గట్టి పూసలా ముద్దకడుతుంది. మట్టి ప్రమిదలను వాడే ముందు కొన్ని గంటలు నీళ్లలో నానబెట్టి ఆరనిస్తే నూనెను పీల్చవు. రంగులు పూసిన ప్రమిదల కన్నా కుమ్మరి ఆవంలో కాలిన ఎర్రటి ప్రమిదే చవక.

హారతి కర్పూరం మంచిదైతే వెలిగించాక పళ్లెంలో ఏమీ మిగలదు. మైనం వంటిది అంటుకుని మిగిలితే కల్తీ ఉన్నట్టే. ఒకనాడు కర్పూరం చెట్టు నుంచి తీసేవారు. ఇప్పుడు హారతికి వాడేది ఎక్కువగా దేవదారు జాతి చెట్ల టర్పెంటైన్ నుంచి తయారవుతున్నది. ప్రసాదంలో రవ్వంత వేసే పచ్చకర్పూరం వేరు, ఇది వేరు. హారతి బిళ్లలు చూడడానికి పిప్పరమెంటు బిళ్లల్లా ఉంటాయి. చిన్నపిల్లలు మింగితే మూర్ఛలు వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. డబ్బా పిల్లలకు అందని ఎత్తులో ఉండాలి. మింగారని తెలిస్తే నాటువైద్యాలతో కాలయాపన చేయక, వాంతి చేయించక, ఆసుపత్రికి పరుగెత్తాలి.

మన నేల ఇచ్చేవి

పొట్లాల సరుకు ఎలా ఉన్నా, పూజకు ముఖ్యమైనవి ఈ నేలే ఇస్తున్నది. 2022లో పాత తూర్పు గోదావరి నుంచి కాకినాడ, కోనసీమ జిల్లాలు విడిపోయినా కొబ్బరికి అంబాజీపేట, అరటికి రావులపాలెం, పూలకు కడియపులంక మార్కెట్లే ఈ ప్రాంతానికంతటికీ ఆధారం.

కొబ్బరికాయ కొట్టగానే కుళ్లిపోయి ఉంటే ఇంటిల్లిపాదీ దిగులుపడడం చూస్తూనే ఉంటాం. దింపేటప్పుడో, బండికెత్తేటప్పుడో చిప్పకు సన్నని పగులు వస్తే లోపలికి గాలి పోయి కొబ్బరి చెడుతుంది. అంతే తప్ప అపశకునమేమీ లేదు. చేత పట్టుకుంటే బరువుగా ఉండాలి, ఊపితే నీళ్ల మోత వినిపించాలి, మూడు కళ్లు తడి, బూజు లేకుండా గట్టిగా ఉండాలి. ఈ మూడూ చూసి తెచ్చుకుంటే కాయ మోసం చేయడం అరుదు.

అరటిపండ్లలో కర్పూర చక్కెరకేళి, అమృతపాణి పూజకు ఇష్టపడేవి. పండుగ గిరాకీకి కాల్షియం కార్బైడుతో మగ్గబెట్టడం చట్టరీత్యా నిషేధం. తొక్క ఒకే తీరున పచ్చగా మెరుస్తూ, తొడిమ మాత్రం ఆకుపచ్చగా, లోపల గుజ్జు గట్టిగా ఉంటే అనుమానించాలి. రెండు రోజులు ముందుగా పచ్చి హస్తం తెచ్చి ఇంట్లో గడ్డిలో మగ్గబెట్టుకునే పాత పద్ధతికి మించినది లేదు.

పూల ధర వ్రతం ముందురోజు సాయంత్రం ఎక్కడికో పోతుంది. పెరట్లో రెండు మందారాలు, ఒక నందివర్ధనం, నాలుగు బంతి మొక్కలు ఉన్న ఇల్లు ఆ ధరకు భయపడనక్కరలేదు. కొన్న పూలు జడలో పెట్టుకునేవే అయితే ఒకసారి నీళ్లలో ముంచి తీయాలి. తోటల్లో పురుగుమందులు కొట్టే ఉంటారు.

పత్రి విషయంలో పశువులు జాగ్రత్త

వినాయక చవితికి ఇరవై ఒక్క రకాల పత్రి చెబుతారు. సంతలో కట్టగా అమ్మేవాటిలో ఏ ఆకు ఏదో కొనేవారికి తెలియడం లేదు. ఊళ్లోని పెద్ద ముత్తైదువను వెంటబెట్టుకుని వెళితే గరిక, తులసి, మారేడు, జిల్లేడు, ఉత్తరేణి, రేగు గట్ల మీదే దొరుకుతాయి.

ఇందులో కరవీర పత్రం అంటే గన్నేరు, దత్తూర పత్రం అంటే ఉమ్మెత్త, అర్క పత్రం అంటే జిల్లేడు. మూడూ విషపు మొక్కలే. ముఖ్యంగా గన్నేరు ఆకు గుప్పెడు తిన్నా గేదె గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. ఎండిన ఆకులోనూ ఆ విషం పోదు. పూజ అయ్యాక పత్రిని దొడ్లో పారేయడం, చిట్టూ తవుడూ పడే గోలెం పక్కన పోయడం పాడి రైతుకు తీరని నష్టం తెచ్చిపెట్టవచ్చు. పశువు మూతి చేరని చోట గొయ్యి తీసి పూడ్చడమే సరైనది. చేతులు కడుక్కున్నాకే ఉండ్రాళ్లు పంచాలి.

బొమ్మ సైతం మట్టిదే కావాలి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మ నీటిలో త్వరగా కరగదు, దాని మీది రంగుల్లో సీసం వంటివి ఉండవచ్చు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నిమజ్జనంపై 2010లో మార్గదర్శకాలు ఇచ్చి, 2020లో వాటిని సవరించి, ప్లాస్టర్ బొమ్మలు వద్దని స్పష్టం చేసింది. డెల్టాలో అనేక గ్రామాల మంచినీటి చెరువులు నిండేది కాలువ నీటితోనే. కాలువలో కలిపినది రేపు బిందెలోకి వస్తుందన్న సంగతి మరువరాదు.

రూపు, ఇత్తడి కొనేటప్పుడు

వరలక్ష్మీ వ్రతానికి చిన్న లక్ష్మీరూపు కొనడం ఆనవాయితీ. బంగారు నగలకు హాల్‌మార్కు 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి అయింది. 2023 ఏప్రిల్ 1 నుంచి కొత్త నగ మీద ఆరు అక్షరాల, అంకెల గుర్తు కూడా ఉండాలి. అయితే రెండు గ్రాముల లోపు వస్తువులకు ఈ నిబంధన వర్తించదు. రైతుకూలీ ఇళ్లలో కొనే రూపులు చాలావరకు ఈ లోపువే. కాబట్టి గుర్తు లేనంత మాత్రాన మోసమని కాదు. కానీ బరువు, ఎన్ని క్యారెట్లో రాసిన బిల్లు అడిగి తీసుకోవాలి. బిల్లు లేకుంటే రేపు మార్చబోయినప్పుడు చెప్పిన ధరే ధర. జర్మన్ సిల్వర్ కుందులను వెండి అనుకుని కొనేవారూ ఉన్నారు. అందులో రాగి, నికెల్, తుత్తునాగం తప్ప వెండి ఉండదు.

ఇత్తడి సామానుకు పెరవలి మండలం అజ్జరం పేరుబడిన ఊరు. ఇత్తడి కుంది తరాలు నిలుస్తుంది. కానీ కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో పంచామృతం, పులిహోర వంటి పులుపు పదార్థాలు నిలవ ఉంచితే చిలుము దిగుతుంది.

పొట్లం కట్టి అమ్మే సరుకేదైనా దాని మీద తయారీదారు చిరునామా, తూకం, నెల, సంవత్సరం, గరిష్ఠ ధర ఉండాలి. అంతకు మించి అడిగినా, తూకం తగ్గినా వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోను చేయవచ్చు.

డబ్బు తక్కువగా ఉన్న ఇల్లు ఖర్చు పెట్టవలసిన వరస కూడా ఇదే. ఒంటికి తగిలే పసుపు కుంకుమ, నోటికి పోయే పండు, కొబ్బరి, నూనె మంచివి తెచ్చుకోవాలి. మెరుపు కాగితాలు, రంగు ప్రమిదలు, ప్లాస్టిక్ తోరణాలు లేకపోయినా వ్రతానికి లోటు రాదు. గడపకు మామిడాకు, కలశానికి కొబ్బరికాయ, దీపానికి కాస్త మంచి నూనె ఉంటే పూజ నిండినట్టే.