రెండున్నర కోట్ల కూత

కబడ్డీ వేలం దగ్గరపడితే మా రాజమండ్రి ఇంట్లో వాదన ఒక్కటే. తెలుగు టైటాన్స్ ఈసారైనా పెద్ద స్టార్ రైడర్‌ని కొంటుందా, లేదా? బాబాయ్‌ది ఎప్పుడూ ఒకటే మాట: "స్టార్ లేకపోతే టికెట్ కొని ఎవడొస్తాడ్రా?"

నేనైతే కొనొద్దంటాను. కనీసం సగం పర్సు ఖాళీ చేసి మాత్రం వద్దు.

2023 అక్టోబర్ వేలం గుర్తుందిగా! పవన్ సెహ్రావత్ కోసం టైటాన్స్ 2.605 కోట్లు పెట్టింది. ప్రో కబడ్డీలో అప్పటికి అదే రికార్డు. జట్టు మొత్తానికి పెట్టగలిగేదే 5 కోట్లు. అంటే సగానికి పైగా ఒక్కడికే. పవన్‌ని తప్పుపట్టడానికి లేదు సుమండీ. ఆ సీజన్లో 200కు పైగా రైడ్ పాయింట్లు తెచ్చాడు. జట్టు మాత్రం 22 మ్యాచుల్లో రెండే గెలిచి, 12 జట్లలో ఆఖరున నిలిచింది. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడితే అంతే మరి.

రోజంతా కోడ్ రాసుకునే నాకు ఇది సర్వర్ గొడవలా కనిపిస్తుంది. లోడంతా ఒక్క సర్వర్ మీదే పెడితే, అది పడిపోయిన రోజు అన్నీ ఆగిపోతాయి. కబడ్డీలో ఇంకా ఘోరం. పట్టుబడ్డ రైడర్ బయటికెళ్లి కూర్చోవాలి. మళ్లీ లోపలికి రావాలంటే మిగతావాళ్లు అవతలివాణ్ణి ఔట్ చేయాలి. అంటే కోట్ల ఆటగాణ్ణి బతికించాల్సింది మిగిలిన చిల్లరతో కొన్న కార్నర్లు, కవర్లే! డల్లాస్‌లో ఉన్న నా ఫ్రెండ్ వాళ్ల ఫుట్‌బాల్లో క్వార్టర్‌బ్యాక్‌కి కోట్లు కుమ్మరించడం గురించి గొప్పగా చెబుతుంటాడు. నిజమే, కానీ క్వార్టర్‌బ్యాక్‌ని పడేసినా తర్వాతి ఆటకి లేచి నిలబడతాడు. రైడర్‌కి ఆ వెసులుబాటు లేదు.

2024లో పవన్‌ని 1.725 కోట్లకే అట్టిపెట్టుకున్నారు. ఆట బాగుపడింది. మధ్యలో అతను గాయపడితే విజయ్ మాలిక్, ఆశిష్ నర్వాల్ బండి లాగారు. ఏడో స్థానంతో ప్లేఆఫ్ కొద్దిలో తప్పింది.

2025లో పవన్ తమిళ్ తలైవాస్‌కి వెళ్లిపోయాడు, అదీ 59.5 లక్షలకే. ఆగస్టు 29న వైజాగ్‌లో తొలి మ్యాచ్‌లోనే ఆ తలైవాస్ చేతిలో మనవాళ్లు ఓడారు. బాబాయ్ ఫోన్ చేసి మరీ దెప్పాడు. తర్వాత జరిగింది చూడండి. మాలిక్ కెప్టెన్సీలో, భరత్ హుడా అండతో 2016 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్ చేరి, రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లారు. పుణేరి పల్టన్ చేతిలో ఓడిపోయారు గానీ, భరత్‌కి పెట్టింది 81 లక్షలే.

బాబాయ్ మాటలో పస లేకపోలేదు. రాహుల్ చౌదరి కూత కోసమే టైటాన్స్ మ్యాచ్ పెట్టుకున్న ఇళ్లు చాలానే ఉన్నాయి, మా ఇంటితో సహా. కానీ వరసగా మూడు సీజన్లు అట్టడుగున ఉంటే, ఆ టీవీ ఎన్నాళ్లు ఆన్‌లో ఉంటుంది?

అందుకే వచ్చే వేలంలో ముందు మంచి లెఫ్ట్ కార్నర్‌ని పట్టాలి. తర్వాత గట్టి కవర్లు. బెంచీ మీద ఇంకో రైడర్. అప్పటికి పర్సులో మిగిలితే, కోటి దాటనంతవరకూ స్టార్ కోసం చెయ్యి ఎత్తొచ్చు. కోటిన్నర పలికిందంటే పక్క జట్టుకి వదిలేయడమే.