లంకె మీది అంకె

యాసంగి కోతలప్పుడు నిజామాబాద్–బోధన్ రోడ్డు మీద లారీలెక్కి ఊళ్లు మారే చైన్ మిషన్లే, అంటే పట్టాల మీద నడిచే కోత యంత్రాలే కనిపిస్తాయి. ఒకప్పుడు చెరకు మోసిన దారి ఇది. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఆడినన్నాళ్లూ సీజనొస్తే చెరకు బండ్లు బారులు తీరేవి. చెరకుకు మోకు చాలు. గడ ఒదుగుతుంది, మోపు అణుగుతుంది. ఆ ఫ్యాక్టరీ 2015లో ఆగిపోయింది. ఇప్పుడు పోయే ఇనుము ఒదిగేది కాదు. దానికి గొలుసే కావాలి.

బరువును పట్టి ఉంచడానికే గొలుసు అనుకుంటాం. కానీ బరువును మోసేది ట్రైలర్. గొలుసు ఆపాల్సింది కదలికను. డ్రైవర్ బ్రేకు తొక్కితే బండి ఆగుతుంది, పైనున్న యంత్రం మాత్రం అదే వేగంతో ముందుకు పోబోతుంది. ఐరోపా ప్రమాణాల ప్రకారం ముందువైపుకు బరువులో 80 శాతం, పక్కలకూ వెనక్కూ 50 శాతం తోపును కట్టు తట్టుకోవాలి. 20 టన్నుల పొక్లెయిన్‌కైతే ముందుకు 16 టన్నులు! ఇనుము మీద ఇనుముకు ఒరిపిడి తక్కువ. గ్రీజు పడితే అదీ ఉండదు.

గొలుసు ఈ బలం నేర్చుకున్నది ఓడల దగ్గర. 19వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ నౌకాదళ అధికారి శామ్యూల్ బ్రౌన్, లంగరుకు నార మోకుల బదులు ఇనుప గొలుసు వాడి చూపించాడు. నార రాళ్లకు ఒరిసి తెగేది, నీళ్లలో నాని కుళ్లేది. అప్పటి లంకెలను కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి అతికేవారు. ఒక్క అతుకు పడకపోయినా గొలుసంతా దండగే. తర్వాత కరెంటు వెల్డింగ్, మిశ్రమ ఉక్కు వచ్చాయి.

నేటి మంచి గొలుసు లంకె మీద 8 అనో 80 అనో అచ్చు ఉంటుంది. చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల దాకా ఓర్చుకునే ఉక్కు అని దానర్థం. 8 మిల్లీమీటర్ల గొలుసు సుమారు 8 టన్నుల దగ్గర తెగుతుంది. కట్టేటప్పుడు అందులో సగమే, 4 టన్నులే నమ్మాలి. అంకె లేని గొలుసు ఎంత లావున్నా దాన్ని నమ్మలేం.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది అతుకుల గొలుసు. మంచి గొలుసు తెగేముందు సాగుతుంది, అది హెచ్చరిక. ఆ లంకెను కోసి, రోడ్డు పక్క వెల్డింగ్ షాపులో అతికించి మళ్లీ కట్టేస్తారు. అతుకు గట్టిగానే కనిపిస్తుంది. కానీ కాల్చి, చల్లార్చి ఆ ఉక్కుకు పెట్టిన పదును వెల్డింగ్ వేడికి పోతుంది. అచ్చు మిగులుతుంది, బలం మిగలదు. సాగిన గొలుసును పాత ఇనుముకు వేయాల్సిందే.

కట్టే తీరూ ముఖ్యమే. నిటారుగా కట్టిన గొలుసు కిందికి నొక్కుతుందే కానీ ముందుకు పోకుండా నేరుగా పట్టుకోలేదు. అందుకే నాలుగు మూలల నుంచి ఏటవాలుగా, రెండు ముందుకూ రెండు వెనక్కూ లాగి కట్టాలి. అమెరికాలో 4,536 కిలోలు దాటిన యంత్రానికి నాలుగు కట్లకు తగ్గకూడదు. కొంత దూరం పోయాక కుదుపులకు యంత్రం సర్దుకుని గొలుసు వదులవుతుంది. వదులు గొలుసుకు తగిలే కుదుపు బిగుతు గొలుసుకు తగలదు.

డ్రైవరన్నలూ, హైవే ఎక్కి ఇందల్వాయి టోల్ దాటాక ఎక్కడో ఒకచోట చాయ్‌కి ఆగుతారు కదా. చాయ్‌కి ముందు నాలుగు గొలుసులనూ ఒక్కసారి చేత్తో గుంజి చూడండి.