బతికే ఉన్నాం... ఇదిగో కాగితం!

ఎడిటర్ గారు పని అప్పగించిన తీరు పద్ధతిగానే ఉంది. యూనివర్సిటీల్లో పనిచేసి రిటైరైనవాళ్ల కోసం ముఖచిత్ర కథనం కావాలి, పెన్షన్, గ్రాట్యుటీ, టాక్సు, ఆరోగ్యం అన్నీ అందులో రావాలి, గురువారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి. సరేనని జాబితా రాసుకుని బయల్దేరాను. ప్రొఫెసర్లుగా చేసినవాళ్లు, సూపరింటెండెంట్లు, ల్యాబ్ అసిస్టెంట్లు, అటెండర్లు... ఎవరిని కదిపినా గ్రాట్యుటీ సంగతి రెండు ముక్కల్లో తేల్చేశారు. లైఫ్ సర్టిఫికెట్ అనగానే మాత్రం కుర్చీ ముందుకు లాక్కున్నారు. దాంతో జాబితా పక్కకు పోయి ఈ ఒక్క కాగితమే కథనమైంది. మిగిలినవి పెట్టెల్లో సర్దాను.

అది ఒక్క పేజీ కాగితం. పేరు, పీపీఓ (పెన్షన్ పేమెంట్ ఆర్డర్) నంబరు, బ్యాంకు ఖాతా, ఆధార్, చిరునామా ఉంటాయి. కింద ఒక అధికారి ‘పై వ్యక్తి నా ఎదుటకు వచ్చారు, ఈ తేదీన సజీవంగా ఉన్నారు’ అని రాసి సంతకం పెట్టి ముద్ర వేస్తారు. పాతికేళ్ల పాటు విద్యార్థుల మార్కుల జాబితాల మీద ఆకుపచ్చ సిరాతో అటెస్టేషన్ చేసిన చెయ్యి, ఇప్పుడు తాను బతికున్నట్టు మరొకరి సంతకం కోసం చాచాల్సి వస్తుంది. ఒక మాజీ ప్రిన్సిపాల్ ఈ మాట నవ్వుతూనే అన్నారు. ఆ నవ్వు నాకు పూర్తిగా నమ్మబుద్ధి కాలేదు.

అసలు చిక్కు కాగితంలో కంటే అది చేరాల్సిన చోటులో ఉంది. ప్రభుత్వ కాలేజీలో రిటైరైన లెక్చరర్‌కు పెన్షన్ ట్రెజరీ ఇస్తుంది. రాష్ట్ర యూనివర్సిటీలో రిటైరైనవారికి యూనివర్సిటీయే ఇస్తుంది, ప్రభుత్వం నుంచి వచ్చే బ్లాక్ గ్రాంటులోంచి. బ్యాంకులో డబ్బు పడుతుంది కదా అని బ్యాంకులో కాగితం ఇచ్చి నిశ్చింతగా ఇంటికి వెళ్లినవాళ్లున్నారు. పక్కింటి రిటైర్డ్ టీచరు గారితో కలిసి సబ్ ట్రెజరీకి వెళ్లి వచ్చినవాళ్లూ ఉన్నారు. అక్కడ వీళ్ల పేరే ఉండదు. కాగితం అందాల్సింది యూనివర్సిటీ పరిపాలనా భవనంలోని పెన్షన్ సెక్షన్‌లో, మీ ఫైలు చూసే డీలింగ్ అసిస్టెంట్ బల్ల మీద. ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని, జిరాక్స్ మీద తేదీ ముద్ర కొట్టించుకుని గానీ మెట్లు దిగకండి.

గడువుల గందరగోళం వేరే. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకు నవంబరు నెల, ఎనభై దాటినవారికి అక్టోబరు 1 నుంచే వెసులుబాటు. తెలంగాణ ట్రెజరీ పెన్షనర్లకు నవంబరు నుంచి మార్చి దాకా. ఆంధ్రప్రదేశ్ ట్రెజరీ వాళ్లకు ఈ మధ్య సంవత్సరాల్లో జనవరి, ఫిబ్రవరి. యూనివర్సిటీ మాత్రం తన సర్క్యులర్ తాను ఇస్తుంది. వాట్సాప్ గ్రూపులో తిరిగే తేదీ చాలాసార్లు ట్రెజరీ వాళ్లది. ఉస్మానియాలో రిటైరై విశాఖలో స్థిరపడినవారు, ఆంధ్రా యూనివర్సిటీలో రిటైరై హైదరాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నవారు ఈ విషయంలో మరీ జాగ్రత్తపడాలి. మీరున్న ఊరి గడువు మీకు పట్టదు, మీరు పనిచేసిన సంస్థ గడువే లెక్క.

ఈ తిరుగుడు తప్పించడానికే 2014 నవంబరు 10న కేంద్రం ‘జీవన్ ప్రమాణ్’ తెచ్చింది. ఆధార్‌తో ముడిపడ్డ డిజిటల్ సర్టిఫికెట్ ఇది. మొదట్లో వేలిముద్ర, కనుపాపే దారి. వయసు మీద పడ్డకొద్దీ వేలి గీతలు అరిగిపోతాయి, యంత్రం ‘మళ్లీ ప్రయత్నించండి’ అంటూనే ఉంటుంది. 2021 నవంబరులో ముఖం చూసి గుర్తించే పద్ధతి వచ్చాక ఈ బాధ చాలావరకు తగ్గింది. స్మార్ట్‌ఫోన్లో జీవన్ ప్రమాణ్ యాప్, దానికి తోడు ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ వేసుకుని, వెలుతురు ముఖం మీద పడేలా కూర్చుని, కళ్లు ఆర్పితే చాలు. తెలంగాణ ప్రభుత్వం టీ యాప్ ఫోలియోలో సెల్ఫీతో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే సదుపాయాన్ని అంతకంటే ముందే పెట్టింది. అది ట్రెజరీ పెన్షనర్లకు.

యాప్‌లంటే నాకు మొదటినుంచీ కొంచెం అనుమానమే, ఇక్కడ ఆ అనుమానం పనికొచ్చింది. జీవన్ ప్రమాణ్‌లో పెన్షన్ మంజూరు చేసిన సంస్థ ఏది, చెల్లించే సంస్థ ఏది అని అడుగుతుంది. జాబితాలో మీ యూనివర్సిటీ పేరు ఉంటేనే సర్టిఫికెట్ అక్కడికి చేరుతుంది. లేదని దగ్గరగా కనిపించిన మరో పేరు నొక్కితే, మీరు బతికున్న సంగతి మీకు సంబంధం లేని ఆఫీసుకు తెలుస్తుంది. ఇంకొకటి, ‘ప్రమాణ్ ఐడీ’ అంటూ ఫోనుకు వచ్చే ఎస్సెమ్మెస్ చూసి పనైపోయిందనుకుంటారు. అది మీరు పంపారనడానికే గుర్తు. అవతలి సంస్థ దాన్ని ఆమోదించాలి, తిరస్కరించనూ వచ్చు. వారం తర్వాత స్థితి చూసుకోవాలి, లేదా పెన్షన్ సెక్షన్‌కు ఫోన్ చేసి అడగాలి. జాబితాలో మీ యూనివర్సిటీ లేకపోతే పాత కాగితమే మేలు.

తిరస్కరణకు ఎక్కువగా దారితీసేది పేరు. మనవాళ్ల పేర్ల సంగతి తెలిసిందే కదా. సర్వీసు రిజిస్టర్లో (ఎస్సార్) మూడు పొడి అక్షరాలు, చివర రావు. ఆధార్‌లో ఇంటిపేరుతో సహా బారెడు పేరు. బ్యాంకులో ఇంటిపేరు చివరికెళ్లింది. ముగ్గురూ ఒకరేనని ఊరంతటికీ తెలుసు, కంప్యూటర్‌కు తెలియదు. పీపీఓలో పేరు ఎలా ఉందో ఆధార్‌లో అలా మార్చుకోవడమో, యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టి పీపీఓనే సరిచేయించుకోవడమో, గడువుకు ముందే ఏదో ఒకటి తేల్చుకోవాలి.

కాగితం అడుగున ఇంకో రెండు ప్రశ్నలుంటాయి. మళ్లీ ఉద్యోగంలో చేరారా? (ప్రైవేటు కాలేజీల్లో డైరెక్టర్లుగా చేస్తున్న మాజీ ప్రొఫెసర్లు ఇక్కడ కలం ఆపి ఆలోచించడం మామూలే. ఉన్నది ఉన్నట్టు రాయండి, అది మీ పెన్షన్ మీద ప్రభావం చూపుతుందో లేదో సెక్షన్‌లో అడగండి.) రెండోది ఫ్యామిలీ పెన్షనర్లకు: మళ్లీ పెళ్లి చేసుకున్నారా? నిబంధనకు కారణం ఉంది, కాదనను. కానీ ఎనభై రెండేళ్ల ఆవిడ వణికే చేత్తో ‘లేదు’ అని రాసి సంతకం పెడుతుంటే పక్కన నిలబడ్డ మనవరాలు నవ్వాపుకోలేకపోయింది. పెద్దావిడ మాత్రం, “నవ్వకే, ఇది రాయకపోతే నీకు పండక్కి పరికిణీ ఉండదు” అని కసిరింది.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్లేవాళ్లకు గడువు సరిగ్గా అక్కడుండగానే వస్తుంది. భారత కాన్సులేట్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇస్తారు. కొన్ని సంస్థలు అక్కడి నోటరీ సంతకాన్ని కూడా అంగీకరిస్తాయి. మీ యూనివర్సిటీ దేన్ని ఒప్పుకుంటుందో విమానం ఎక్కకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి. డాలస్ నుంచి అర్ధరాత్రి ఫోన్ చేస్తే పెన్షన్ సెక్షన్‌లో ఎత్తేది లంచ్ తర్వాతే.

చరిత్ర రెండు ముక్కల్లో. పెన్షన్ దొరగారి దయ అనుకునే రోజులు పోవడానికి కోర్టులే కారణం. 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు పెన్షన్ ఉద్యోగి హక్కు అంది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో రిటైరైన తేదీని బట్టి పెన్షనర్లను రెండు ముక్కలు చేయడం చెల్లదంది. అందుకే డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవం. ఇక యూనివర్సిటీల విషయానికొస్తే, మన దగ్గర 1918లో ఉస్మానియా, 1926లో ఆంధ్రా, 1954లో శ్రీవేంకటేశ్వర, 1976లో కాకతీయ, నాగార్జున వచ్చాయి. ఒక్కోదానికి ఒక్కో పాలకమండలి, ఒక్కో ఫైళ్ల గది. ప్రభుత్వ ఉత్తర్వు వచ్చినా యూనివర్సిటీ దాన్ని తన పాలకమండలిలో ఆమోదించుకునే దాకా రిటైరైనవారికి ఎదురుచూపే.

మళ్లీ కాగితం దగ్గరికి వద్దాం. ఇది అసలు అవసరమా అని అడిగితే, అవసరమే. పెన్షనర్ పోయాక కూడా ఏటీఎం కార్డు ఇంట్లో ఉండిపోతే డబ్బు వెళ్తూనే ఉంటుంది, ఆ తర్వాత వసూళ్లు, నోటీసులు. నా అభ్యంతరం వేరు. మంచంపట్టిన మనిషి ఆటోలో పరిపాలనా భవనం మెట్ల దాకా వచ్చి ముఖం చూపించాలా? తపాలా శాఖ పేమెంట్స్ బ్యాంకు 70 రూపాయలకు పోస్ట్‌మ్యాన్‌ను ఇంటికే పంపి డిజిటల్ సర్టిఫికెట్ తీయిస్తోంది. ఇన్ని వేల మందికి స్నాతకోత్సవాలు జరిపే యూనివర్సిటీ, ఏడాదికొక్కసారి తన పాత ఉద్యోగి గుమ్మంలోకి ఒక మనిషిని పంపలేకపోవడానికి కారణం డబ్బు అంటే నేను నమ్మను.

పెట్టె 1: రిటైరయ్యే ఏడాదిలో

పాత పెన్షన్ విధానంలో ఉన్నవారికి 33 ఏళ్ల సర్వీసు నిండితే చివరి మూల వేతనంలో సగం పెన్షన్. అందుకే ఎస్సార్‌లో ఒక్క ఏడాది వెరిఫికేషన్ లేకున్నా ఫైలు ఆడిట్ దగ్గర కూర్చుంటుంది. ఏడాది ముందే ఎస్సార్ చూసుకోండి. లైబ్రరీ నో డ్యూస్ ఆఖరి వారానికి వదలొద్దు, ఎప్పుడో తెచ్చుకున్న పుస్తకం బీరువా అడుగున ఉంటుంది. కమ్యూట్ చేసిన (ముందే ఏకమొత్తంగా తీసుకున్న) పెన్షన్ భాగం 15 ఏళ్లకు తిరిగి కలవాలి. ఆ నెల మీరే రాసిపెట్టుకోండి, సెక్షన్‌లో అప్పటికి మనుషులు మారిపోతారు. ఇంకో వార్త: తెలంగాణలో యూజీసీ స్కేలు యూనివర్సిటీ అధ్యాపకుల రిటైర్మెంట్ వయసు 2025 జనవరిలో 60 నుంచి 65 అయింది. బోధనేతర సిబ్బందికి ఇది వర్తించదు.

పెట్టె 2: డబ్బు, ఆరోగ్యం

కొత్త పన్ను విధానంలో పెన్షన్ మీద స్టాండర్డ్ డిడక్షన్ 75,000. ఫ్యామిలీ పెన్షన్‌కు అది రాదు. అక్కడ మూడో వంతు లేదా 25,000, ఏది తక్కువైతే అది. సీనియర్ సిటిజన్లకు బ్యాంకు వడ్డీపై టీడీఎస్ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి లక్ష రూపాయలు. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ పథకంలో గరిష్ఠంగా 30 లక్షలు, ఐదేళ్లకు, మూడు నెలలకోసారి వడ్డీ. డెబ్బై దాటినవారికి ఆదాయంతో పని లేకుండా కుటుంబానికి ఏటా 5 లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. ఆధార్‌తో తీసుకోవచ్చు.

పెట్టె 3: ఫోన్ వస్తే

“లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేస్తాం, ఓటీపీ చెప్పండి” అంటే పెట్టేయండి. పీపీఓ నంబరు, రిటైరైన తేదీ వాళ్లే చదివి వినిపించినా సరే. ఏ పెన్షన్ ఆఫీసూ ఫోన్లో ఓటీపీ అడగదు. డబ్బు పోతే వెంటనే 1930. వృద్ధులకు ఇతర సాయం కావాలంటే 14567.

ఇక నేను వెతకని విషయమొకటి ఈ కాగితం వెంట తిరుగుతుంటే దొరికింది, నా లెక్కలో లైఫ్ సర్టిఫికెట్ కంటే అదే ముఖ్యం. వయసు పెరిగేకొద్దీ అదనపు పెన్షన్ వస్తుంది. కేంద్రంలో 80 నిండాక 20 శాతం, మన రెండు రాష్ట్రాల్లో ప్రభుత్వ పెన్షనర్లకు 70 నుంచే మొదలు, శాతాలు వేరు. పెన్షనర్‌కు చిక్కు లేదు, పుట్టిన తేదీ ఎస్సార్‌లో ఉంటుంది. ఆయన పోయాక భార్యకు వచ్చే ఫ్యామిలీ పెన్షన్ సాధారణంగా మూల వేతనంలో 30 శాతమే. అదనం ఎక్కువగా అవసరమయ్యేది ఆవిడకే. కానీ పాత పీపీఓల్లో చాలావాటిలో భార్య పేరు ఉంటుంది, పుట్టిన తేదీ గడి ఖాళీగా ఉంటుంది. కొన్నిట్లో ‘సుమారు 40’ అని రాసి ఉంటుంది. ఆ గడి నిండకపోతే ఆవిడకు ఎన్నేళ్లొచ్చినా పెన్షన్ పెరగదు. భర్త ఉండగా దిద్దించడం ఒక దరఖాస్తుతో అయ్యే పని. తర్వాతైతే ఫైలు కోసం ఆవిడే తిరగాలి.

కాబట్టి ఈ పత్రిక చదువుతున్న కొడుకులకు, కూతుళ్లకు ఒక్క మనవి. ఇవాళ ఆదివారం. నాన్నగారి బీరువాలోంచి పీపీఓ తీయించి అమ్మ పుట్టిన తేదీ ఉందో లేదో, ఉన్నది ఆధార్‌తో సరిపోతోందో లేదో చూడండి. లేకపోతే ఆధార్ లేదా పదో తరగతి సర్టిఫికెట్ నకలు, ఇద్దరూ కలిసి దిగిన ఫొటో జతచేసి, నాన్నగారి సంతకంతో రిజిస్ట్రార్ పేర దరఖాస్తు రాసి, రేపే ఇన్‌వర్డ్‌లో ఇచ్చి నంబరు వేయించుకోండి.