పొట్టలో పురుగులు ఎక్కడి నుంచి వస్తాయి?

"తీపి ఎక్కువ తినకు, పొట్టలో పురుగులు పడతాయి!" అని ఇంట్లో పెద్దవాళ్లు మందలించడం మీరు వినే ఉంటారు. కానీ బెల్లం, మిఠాయి పురుగుల్ని పుట్టించలేవు. పురుగు పుట్టాలంటే గుడ్డు కావాలి. మరి ఆ గుడ్డు ఎక్కడిది?

మనం నులిపురుగులని కలిపి పిలిచేవాటిలో ముఖ్యమైనవి మూడు రకాలు: ఏలికపాములు, కొరడా పురుగులు, కొంకి పురుగులు. ప్రపంచంలో సుమారు 150 కోట్ల మందిలో ఇవి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

మట్టిలో సగం జీవితం

ఆడ ఏలికపాము రోజుకు 2 లక్షల దాకా గుడ్లు పెడుతుంది. ఆశ్చర్యమేమిటంటే, వాటిలో ఒక్కటి కూడా మన పేగులో పిల్ల కాదు! అవన్నీ మలంతో బయటికి పోతాయి. తేమగా, వెచ్చగా ఉండే మట్టిలో రెండు మూడు వారాలు ఉన్నాకే వాటికి మనిషికి సోకే శక్తి వస్తుంది. ఆ మట్టి అంటిన చేతులతో తిన్నా, కడగని కూరగాయలు పచ్చిగా తిన్నా గుడ్లు కడుపులోకి చేరతాయి. కొరడా పురుగుదీ ఇదే దారి.

కొంకి పురుగు పద్ధతి వేరు. దాని గుడ్డు మట్టిలోనే పగులుతుంది. వారం, పది రోజుల్లో ఎదిగిన డింభకం, చెప్పులు లేని పాదం తగిలితే చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతుంది. అక్కడి నుంచి రక్తంలో, ఊపిరితిత్తుల్లో ప్రయాణించి పేగుకు చేరుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఈ మూడు రకాలూ మన ఒంట్లో సంతతిని పెంచుకోలేవు. ఒక పిల్లవాడి పేగులో 20 ఏలికపాములు ఉన్నాయంటే, కనీసం 20 గుడ్లు బయటి నుంచి వచ్చినట్టే!

బద్ధకమా, రక్తహీనతా?

కొంకి పురుగు పేగు గోడను కరిచి పట్టుకుని రక్తం పీలుస్తుంది. రకాన్ని బట్టి ఒక్కో పురుగు వల్ల రోజుకు 0.03 నుంచి 0.2 మిల్లీలీటర్ల రక్తం పోతుంది. 50 పురుగులుంటే? రోజుకు 1.5 నుంచి 10 మిల్లీలీటర్లు. నెలల తరబడి ఇలా పోతే, సరైన తిండి లేని పిల్లలు పాలిపోతారు. ఆటలో ఆయాసపడతారు, తరగతిలో తూలుతారు. మనం వాళ్లను బద్ధకస్తులంటాం!

మాత్ర చేసేది, చేయలేనిది

మన దేశంలో 2015లో జాతీయ నులిపురుగుల నివారణ దినం మొదలైంది. బడుల్లో, అంగన్‌వాడీల్లో 1 నుంచి 19 ఏళ్ల వారికి ఆల్బెండజోల్ మాత్ర ఇస్తారు. రెండేళ్లు దాటినవారికి మోతాదు 400 మిల్లీగ్రాములు. అంతకన్నా చిన్నవారికి అందులో సగం. ఈ మందు పురుగు గ్లూకోజును పీల్చుకోకుండా అడ్డుకుంటుంది. శక్తి అందక పురుగు చస్తుంది.

అయితే ఇది టీకా కాదు. ఉన్న పురుగుల్ని తగ్గిస్తుందే గాని, రేపు రాబోయేవాటిని ఆపదు. మట్టిలోని గుడ్లను అసలే తాకదు. అందుకే మళ్లీ మళ్లీ వేసుకోవలసి వస్తుంది.

దారి ఎక్కడ తెంపాలి?

చెప్పులు కొంకి పురుగును ఆపుతాయి, ఏలికపాము గుడ్లను ఆపవు. సబ్బుతో కడిగిన చేతులు, కత్తిరించిన గోళ్లు, కడిగిన కూరలు గుడ్లను ఆపుతాయి. పాదంలో దూరే డింభకాన్ని ఆపలేవు. మూడింటినీ ఒకేసారి ఆపగలిగేది మరుగుదొడ్డి ఒక్కటే. మలం మట్టిలో కలవకపోతే పురుగు కథ అక్కడే ముగుస్తుంది. ఒకరు ఆరుబయట మలవిసర్జన చేస్తే, ఆ పురుగు మరొకరి పొట్టలో తేలుతుంది. కాబట్టి ఇది ఒక్క ఇంటి శుభ్రతతో తీరే సమస్య కాదు.

రేపు బడికి వెళ్లినప్పుడు గమనించండి. మరుగుదొడ్డిలో నీళ్లు వస్తున్నాయా? చేతులు కడిగేచోట సబ్బు ఉందా? లేకపోతే మీ మాస్టారిని, పంచాయతీ పెద్దలను అడగండి. మాత్రతో పాటు మీకు ఇవి కూడా కావాలి.